ఒక మొక్క బలం, ఒక చేను బలం: నూనెగింజల్లో సంకర తేజం, రకాల మిశ్రమం

దుబాయ్‌లోని పాత పేటల్లో సత్వా ఒకటి. అక్కడి కిరాణా కొట్లలో పొద్దుతిరుగుడు, నువ్వులు, ఆవాలు, పల్లీల నూనెలు ఒకే అరలో దొరుకుతాయి. వాటిలో ఎమిరేట్స్ నేల మీద పండిన గింజ నుంచి తీసిన నూనె దాదాపు ఉండదు. కొనేవాళ్లలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి బతుకుతెరువు కోసం వెళ్లిన తెలుగువాళ్లూ ఉంటారు. నువ్వులు, ఆముదం, పల్లీ పండించిన నేలల నుంచి వచ్చినవాళ్లే చాలామంది. వాళ్లు వదిలి వచ్చిన దేశం కూడా తాను వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే తెచ్చుకుంటోంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే పొద్దుతిరుగుడు నూనె ధర గల్ఫ్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఎగబాకింది. నూనె కోసం ఎవరి మీదనో ఆధారపడటం ఎంత ప్రమాదమో అప్పుడు అందరికీ తెలిసింది.

మన చేలలో నూనెగింజల దిగుబడి పెంచడానికి విత్తన శాస్త్రం రెండు దారులు చూపింది. ఒకటి సంకర తేజం. వేర్వేరు వంశాల తల్లిదండ్రులను కలిపి, ఇద్దరినీ మించిన బిడ్డ మొక్కను తీయడం. రెండోది రకాల మిశ్రమం. ఒకే పంటలో వేర్వేరు గుణాలున్న రకాలను ఒకే చేలో కలిపి పండించడం. మొదటి దారికి అరవై ఏళ్లుగా డబ్బు, ప్రయోగశాలలు, కంపెనీలు అన్నీ సమకూరాయి. రెండోది ధాన్యపు పంటల్లో కొంత పరీక్షకు నిలిచింది కానీ నూనెగింజల్లో దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఈ రెండు దారుల్లో ఇప్పటిదాకా ఏం తేలింది, వర్షాధారపు తెలుగు రైతుకు ఏది ఎక్కడ పనికొస్తుంది అన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ముందే ఒక మాట చెప్పాలి. ఇవి ఒకదానికొకటి పోటీ కావు. హైబ్రిడ్ ఒక్కో మొక్కకు బలమిస్తుంది, మిశ్రమం మొత్తం చేనుకు బలమిస్తుంది. మొక్క బలాన్ని కొలవడం మనం బాగా నేర్చుకున్నాం. చేను బలాన్ని కొలవడం ఇంకా మొదలుపెట్టలేదు.

సంకర తేజం వెనుక ఏముంది

పర పరాగ సంపర్కంతో పుట్టిన మొక్కలు, సొంత పుప్పొడితో పుట్టిన మొక్కల కన్నా ఏపుగా ఎదుగుతాయని డార్విన్ 1876లో వెలువరించిన గ్రంథంలో ఎన్నో పంటల మీద చేసిన ప్రయోగాలతో చూపించాడు. 1908లో అమెరికాలో జార్జ్ షల్ మొక్కజొన్నను తరాల తరబడి ఆత్మ పరాగ సంపర్కంతో పెంచి బక్కచిక్కిన శుద్ధ వంశాలను తయారుచేశాడు. అలాంటి రెండు వంశాలను కలిపితే పోయిన బలం తిరిగి వస్తుందని, ఒక్కోసారి మూల జాతిని కూడా మించుతుందని నిరూపించాడు. 1914లో ఈ లక్షణానికి హెటెరోసిస్ అని పేరు పెట్టిందీ ఆయనే.

ఈ బలం ఎందుకు వస్తుందన్న దానిపై వందేళ్లుగా రెండు వాదాలు నడుస్తున్నాయి. తల్లిలో దాగిన బలహీన జన్యువును తండ్రి నుంచి వచ్చిన బహిర్గత జన్యువు కప్పేస్తుందని, తండ్రి లోపాన్ని తల్లి కప్పేస్తుందని ఒక వాదం. 1917లో డొనాల్డ్ జోన్స్ దీనికి బలం చేకూర్చాడు. ఒకే స్థానంలో రెండు వేర్వేరు జన్యు రూపాలు కలిసి ఉండటమే అదనపు శక్తి అని రెండో వాదం. ఇప్పటి పరిశోధనలు చాలావరకు మొదటి వాదం వైపే మొగ్గుతున్నా, పంటను బట్టి, గుణాన్ని బట్టి రెండూ కొంత కొంత పనిచేస్తాయి.

రైతుకు ఇక్కడ తెలియాల్సింది కొలతల సంగతి. ఒక హైబ్రిడ్ “నలభై శాతం అధికం” అన్నప్పుడు, దేనితో పోల్చి అన్నారో అడగాలి. తల్లిదండ్రుల సగటుతో పోల్చితే అంకె పెద్దగా కనిపిస్తుంది, ఎందుకంటే శుద్ధ వంశాలు ఎలాగూ బలహీనమైనవే. ఇద్దరిలో మెరుగైనదానితో పోల్చితే కొంత తగ్గుతుంది. రైతు ఇప్పటికే వేస్తున్న మేలైన రకంతో, అదే నేలలో, అదే వానకు పోల్చితే ఇంకా తగ్గుతుంది. మూడో కొలతే రైతుకు కావలసిన కొలత. మరో సంగతి: హైబ్రిడ్ చేలో పండిన గింజను దాచి మళ్లీ విత్తితే జన్యువులు విడిపోతాయి, తేజం సగానికి పడిపోతుంది, మొక్కలు ఎగుడుదిగుడుగా వస్తాయి. ఏటా కొత్త విత్తనం కొనాల్సిందే.

దారి నిర్ణయించింది పువ్వు

ఏ నూనెగింజలో హైబ్రిడ్లు వచ్చాయి, ఏ పంటలో రాలేదు అన్నది ఆ పంట పువ్వు నిర్మాణాన్ని బట్టి తేలిపోయింది. తల్లి మొక్కలో సొంత పుప్పొడి లేకుండా చేయగలిగితేనే వేల ఎకరాలకు సరిపడా సంకర విత్తనం తయారవుతుంది. చేత్తో పూరేకులు విప్పి, కేసరాలు తుంచి చేసే పని ప్రయోగశాల మడికే సరిపోతుంది.

ఆముదం ఈ విషయంలో అదృష్టవంతురాలు. ఆముదం గెలలో కింద మగ పూలు, పైన ఆడ పూలు ఉంటాయి. అమెరికాలోని టెక్సాస్ నుంచి వచ్చిన టీఎస్‌పీ-10ఆర్ అనే వంశంలో మాత్రం గెలంతా ఆడ పూలే. దాన్ని తల్లిగా పెట్టి గుజరాత్‌లో జీసీహెచ్-3 తయారుచేసి 1968లో విడుదల చేశారు. దేశంలో తొలి ఆముదం హైబ్రిడ్ అదే. ఆ తర్వాత అక్కడే తయారైన వీపీ-1 అనే ఆడ వంశం చాలా హైబ్రిడ్లకు తల్లి అయింది. ఈ ఆడతనం వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఎండ తీవ్రత పెరిగితే ఆడ గెలలో మగ పూలు తొంగిచూస్తాయి. అందుకే విత్తనోత్పత్తి మడుల్లో ఆడ సాళ్లు, మగ సాళ్లు విడివిడిగా వేసి, బెరుకులను పూత దశలోనే పీకేయాలి. ఈ పని శ్రద్ధగా జరగకపోతే సంచిలో హైబ్రిడ్ పేరే మిగులుతుంది.

తెలుగు నేల మీద ఆముదం కథ కొంత వేరు. 1960ల్లో ఇక్కడ హెచ్‌సీ-6 అనే దీర్ఘకాలిక రకం గింజలను న్యూట్రాన్ కిరణాలకు గురిచేసి ‘అరుణ’ను తీశారు. సుమారు 270 రోజుల పంట 120 రోజుల దరికి దిగింది. వానలు త్వరగా ఆగిపోయే నల్గొండ, మహబూబ్‌నగర్ ఎర్ర చెల్క నేలలకు అది పెద్ద వరం. తర్వాత పాలెం పరిశోధనా స్థానం నుంచి క్రాంతి, హరిత, కిరణ్ వంటి సూటి రకాలు, పీసీహెచ్-111 వంటి హైబ్రిడ్లు వచ్చాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1977లో డైరెక్టరేట్‌గా ఏర్పడి ఇప్పుడు భారత నూనెగింజల పరిశోధనా సంస్థగా ఉన్న కేంద్రం డీసీహెచ్-177, డీసీహెచ్-519 ఇచ్చింది. అయినా నీటి వసతి ఉన్న గుజరాత్‌లో హెక్టారుకు రెండు టన్నుల దరి దిగుబడి వస్తుంటే, వానను నమ్ముకున్న మన చేలలో అందులో మూడో వంతు వస్తే గొప్ప. విత్తనం రెండు చోట్లా హైబ్రిడే కావచ్చు, కానీ నీళ్లు అందిన చోటే ఆ తేజం పూర్తిగా బయటపడింది.

పొద్దుతిరుగుడు కథ మగ వంధ్యత్వం కథ. 1969లో సోవియట్ యూనియన్ నుంచి కొన్ని రకాలు మన దేశానికి వచ్చాయి. అక్కడి శాస్త్రవేత్త పుస్తొవోయిత్ దశాబ్దాల ఎంపికతో గింజలో నూనెను 50 శాతం దాకా పెంచిన వంశాలవి. అదే ఏడాది ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ ఒక అడవి పొద్దుతిరుగుడు జాతితో సంకరం చేసి పుప్పొడి లేని మొక్కలను కనుగొన్నాడు. ఆ గుణం తల్లి కణద్రవ్యం ద్వారా తరతరాలకూ వస్తుంది. మరుసటి ఏడాది అమెరికాలో కిన్‌మన్ పుప్పొడిని తిరిగి తెప్పించే జన్యువును పట్టుకున్నాడు. ఈ రెండూ కలిసి ఏ (పుప్పొడి లేని తల్లి), బీ (ఆ తల్లి వంశాన్ని నిలబెట్టేది), ఆర్ (పుప్పొడిని తిరిగి తెప్పించే తండ్రి) అనే మూడు వంశాల పద్ధతి తయారైంది. 1980లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్‌హెచ్-1ను విడుదల చేసింది. తర్వాత కేబీఎస్‌హెచ్-1, డీఆర్‌ఎస్‌హెచ్-1, నంద్యాల నుంచి ఎన్‌డీఎస్‌హెచ్-1 వంటివి వచ్చాయి. ప్రైవేటు కంపెనీల హైబ్రిడ్లు కర్నూలు, అనంతపురం, ప్రకాశం చేలను నింపాయి. తేనెటీగలు తక్కువైన చోట పువ్వు మధ్యలో తాలు గింజలు రాకుండా, పూత సమయంలో ఉదయం పూట పలుచని గుడ్డతో పూల మీద మెల్లగా రుద్దాలని వ్యవసాయ శాఖ రైతులకు చెప్పేది.

కుసుమలో పుప్పొడి లేని మొక్కలు దొరికాయి కానీ ఆ గుణం కేంద్రక జన్యువు వల్ల వచ్చింది. అంటే ఆడ సాళ్లలో సగం మొక్కలకు పుప్పొడి ఉంటుంది. వాటిని పూత విప్పకముందే గుర్తించి పీకాలి. ముళ్ల పంటలో ఆ పని కూలీలకు నరకం. హైదరాబాద్ కేంద్రం డీఎస్‌హెచ్-129 ఇచ్చింది, మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థ ముళ్లు లేని ఎన్ఏఆర్ఐ-ఎన్‌హెచ్-1ను తయారుచేసింది. రెండూ శాస్త్రపరంగా విజయాలే కానీ విత్తనం ఖర్చు వాటి వ్యాప్తిని ఆపింది. ఆవాల్లో ముల్లంగి నుంచి, ఇతర జాతుల నుంచి తెచ్చిన వంధ్యత్వం పనికొచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జన్యుమార్పిడి పద్ధతితో తయారైన డీఎంహెచ్-11కు 2022 అక్టోబరులో పర్యావరణ అనుమతి వచ్చినా, 2024 జులైలో సుప్రీంకోర్టు ధర్మాసనంలో తీర్పు రెండుగా చీలడంతో చేలకు చేరలేదు.

నువ్వులు, వేరుశనగ మిగిలాయి. నువ్వు పువ్వులో కేసరాలు పూరేకులకు అతుక్కుని ఉంటాయి. పువ్వును మెల్లగా లాగితే కేసరాలూ వచ్చేస్తాయి. ఒక్క కాయలో యాభైకి పైగా గింజలుంటాయి, ఎకరానికి రెండున్నర కిలోల విత్తనం చాలు. చేత్తో సంకరం చేసినా గిట్టుబాటవుతుందన్న ఆశ అందుకే ఏళ్లుగా ఉంది. అయినా మన దగ్గర జగిత్యాల శ్వేతా తిల్, ఎలమంచిలి గౌరి, మాధవి, శారద అన్నీ సూటి రకాలే. వేరుశనగలో ఆ ఆశ కూడా లేదు. పువ్వు విప్పకముందే సొంత పుప్పొడితో పరాగ సంపర్కం అయిపోతుంది, ఊడలు నేలలోకి దిగుతాయి. ఎకరానికి 60 నుంచి 80 కిలోల గింజలు విత్తాలి. ఒక కిలో విత్తితే తిరిగి వచ్చేది పది కిలోల లోపే. ఇలాంటి పంటలో ఏటా హైబ్రిడ్ విత్తనం ఇవ్వడం అయ్యే పని కాదు.

అయినా వేరుశనగ తానే ఒక పురాతన సంకరం. దక్షిణ అమెరికాలో వేల ఏళ్ల కిందట రెండు అడవి జాతులు కలిసి, వాటి క్రోమోజోములు రెట్టింపై ఈ పంట పుట్టింది. రెండు వంశాల జన్యువులూ ప్రతి గింజలో స్థిరంగా నిలిచిపోయాయి కాబట్టి తరం మారినా ఆ తేజం విడిపోదు. ఆవాలు కూడా అలాంటి కలయికలోంచే వచ్చాయి. ప్రకృతి సంకర తేజాన్ని రైతు దాచుకోగలిగే విత్తనంలోనే నిలబెట్టి చూపిన ఉదాహరణలివి.

ఒకే పోలిక తెచ్చే ముప్పు

హైబ్రిడ్ చేలో ప్రతి మొక్కా పక్క మొక్కకు అచ్చుగుద్దినట్టుంటుంది. కోతకు, అమ్మకానికి అది సుఖం. ఒక తెగులుకు ఒక మొక్క లొంగితే అన్నీ లొంగడం దానికి రెండో వైపు. అమెరికాలో 1970 నాటికి మొక్కజొన్న హైబ్రిడ్లలో అత్యధిక భాగం టెక్సాస్ కణద్రవ్యం అనే ఒకే మగ వంధ్యత్వ మూలం నుంచి వచ్చాయి. ఆ కణద్రవ్యాన్నే ఎంచుకుని దెబ్బకొట్టే శిలీంధ్రం పుట్టి, ఆ ఒక్క ఏడాదిలో దేశపు పంటలో సుమారు 15 శాతాన్ని మింగేసింది. ప్రపంచ పొద్దుతిరుగుడు హైబ్రిడ్లు ఇప్పటికీ దాదాపు అన్నీ లెక్లెర్క్ కనుగొన్న ఆ ఒక్క కణద్రవ్యం మీదే నిలబడి ఉన్నాయి. దానికి ప్రత్యేకంగా పట్టే తెగులు ఇంతవరకూ రాలేదు. అలా అని నిశ్చింతగా ఉండటం వివేకం కాదు.

మన అనుభవం దూరమేమీ కాదు. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడులో నెక్రోసిస్ వైరస్ తెగులు కనిపించి దక్షిణాది చేలను చుట్టుముట్టింది. 2000లో అదే వైరస్ అనంతపురం వేరుశనగలో కాండం కుళ్లుగా విరుచుకుపడింది. వయ్యారిభామ పుప్పొడిలో దాగిన వైరస్‌ను తామర పురుగులు మోసుకొచ్చాయి. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఒకప్పుడు దేశంలో 20 లక్షల హెక్టార్లు దాటిన పొద్దుతిరుగుడు విస్తీర్ణం ఇప్పుడు రెండు మూడు లక్షలకు పడిపోయింది. దీనికి దిగుమతి నూనె ధరలు, పక్షుల బెడద, ఇతర పంటల లాభం కూడా కారణాలే. పంట మీద నమ్మకం సడలడంలో తెగులుకూ వాటా ఉంది.

మిశ్రమాలు ఏం తేల్చాయి

1952లో నీల్ జెన్‌సన్ ఓట్స్ పంటలో ఒక ప్రతిపాదన చేశాడు. ఎత్తు, కోత కాలం ఒకేలా ఉండి, తెగులు నిరోధకత మాత్రం వేర్వేరుగా ఉన్న వంశాలను కలిపి విత్తితే తెగులు ఒక మొక్క నుంచి పక్క మొక్కకు పాకలేదని చెప్పాడు. దీన్ని అతిపెద్ద ఎత్తున పరీక్షించింది తూర్పు జర్మనీ. 1984 తర్వాత అక్కడ బార్లీలో మూడు నాలుగు రకాల మిశ్రమాలు ప్రవేశపెట్టారు. 1990 నాటికి అవి మూడున్నర లక్షల హెక్టార్లు దాటాయి. బూడిద తెగులు సోకిన విస్తీర్ణం సుమారు 50 శాతం నుంచి 10 శాతానికి దిగింది, మందుల పిచికారీ బాగా తగ్గింది. రెండు జర్మనీలు ఏకమయ్యాక మార్కెట్టు ఒకే రకం బార్లీ కోరడంతో ఆ మిశ్రమాలు కనుమరుగయ్యాయి.

చైనాలోని యునాన్‌లో 1998, 1999 సంవత్సరాల్లో జరిగిన ప్రయోగం మన చర్చకు మరింత దగ్గరిది. అక్కడ హైబ్రిడ్ వరి సాళ్ల మధ్య అగ్గి తెగులుకు లొంగే దేశీ జిగురు వరి సాళ్లు నాటారు. జిగురు వరిలో అగ్గి తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది, ఒంటరిగా వేసినప్పటి కన్నా దాని దిగుబడి 89 శాతం పెరిగింది. ఆ చేలో హైబ్రిడ్ మిశ్రమానికి శత్రువుగా కాక, అందులో ఒక భాగంగా నిలిచింది.

అయితే మిశ్రమాలు అద్భుతాలు చేస్తాయని చెప్పడం సరికాదు. వందల ప్రయోగాలను గుదిగుచ్చిన విశ్లేషణల్లో, మిశ్రమం దిగుబడి అందులోని రకాల సగటు కన్నా రెండు మూడు శాతమే ఎక్కువని తేలింది. హైబ్రిడ్ పక్కన ఈ అంకె చిన్నది. కానీ మిశ్రమం బలం సగటులో కన్నా గడ్డు ఏడాదిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఒక రకం ఎండకు వాడితే దాని పక్కది ఆ చోటును, ఆ నీటిని వాడుకుని లోటు కొంత పూడుస్తుంది.

నూనెగింజల్లో మిశ్రమానికి ఐరోపా ఆవాల జాతి పంటలో రెండు మంచి ఉదాహరణలున్నాయి. ఫ్రాన్స్‌లో కొందరు రైతులు ప్రధాన రకంలో త్వరగా పూసే మరో రకాన్ని ఐదు నుంచి పది శాతం కలుపుతారు. పూమొగ్గలు తినే పెంకు పురుగులు ముందు పూసిన మొక్కల మీద వాలితే, అసలు పంట మొగ్గలు బతుకుతాయి. రెండో ఉదాహరణ హెచ్చరిక లాంటిది. 1990ల్లో ‘సినర్జీ’ పేరుతో ఒక సమ్మేళన హైబ్రిడ్ వచ్చింది. పుప్పొడిని తిరిగి తెప్పించే మేలైన వంశం అప్పటికి సిద్ధంగా లేదు. అందుకని పుప్పొడి లేని హైబ్రిడ్ 80 శాతం, పుప్పొడి ఇచ్చే రకం 20 శాతం కలిపి అమ్మారు. గాలి, తేనెటీగలు అనుకూలించిన చోట పంట బాగా పండింది. పూత సమయంలో చలి, వాన పట్టిన చోట పుప్పొడి చాలక కాయలు సరిగా నిండలేదు. కలపడం ఎందుకో, కలిపిన వాటి మధ్య ఏ సంబంధం ఉండాలో తేల్చుకోకుండా కలిపితే మిశ్రమం కూడా బలహీనతే అవుతుంది.

ఈ రెండు రకాల బలాలనూ 1964లో అలార్డ్, బ్రాడ్‌షా అనే శాస్త్రవేత్తలు స్పష్టంగా విడదీశారు. ఒకే మొక్క తన లోపలి జన్యు వైవిధ్యంతో వాతావరణపు ఒడిదుడుకులను తట్టుకోవడం ఒకటి. వేర్వేరు మొక్కలున్న సమూహం మొత్తంగా తట్టుకోవడం మరొకటి. హైబ్రిడ్‌కు మొదటిది దండిగా ఉంటుంది, రెండోది ఉండదు. సూటి రకాల మిశ్రమానికి రెండోది ఉంటుంది, మొదటిది తక్కువ. రెండూ ఒకే చేలో ఉండటానికి అడ్డు చెప్పే సూత్రమేదీ లేదు.

రెండూ కలిసిన పంట మన కళ్ల ముందే ఉంది. ఏలూరు జిల్లా పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధనా సంస్థ చుట్టుపక్కల వేల ఎకరాల్లో కనిపించే ప్రతి చెట్టూ డ్యూరా, పిసిఫెరాల సంకరమైన టెనెరా. పండు పెంకు మందం ఒక జన్యువు మీద ఆధారపడుతుందని, మందపు పెంకు డ్యూరాను పెంకు లేని పిసిఫెరాతో కలిపితే నూనె ఎక్కువిచ్చే పలుచని పెంకు టెనెరా వస్తుందని 1941లో బెల్జియన్ కాంగోలో కనుగొన్నారు. తల్లిదండ్రులు పూర్తి శుద్ధ వంశాలు కానందువల్ల ఒక తోటలోని టెనెరా చెట్లు ఒకదానికొకటి అచ్చు నకళ్లు కావు. ఒక చెట్టు ఆడ పూల దశలో ఉంటే పక్కది మగ పూల దశలో ఉంటుంది, తోటంతా ఒకేసారి పుప్పొడి కరువయ్యే ప్రమాదం తగ్గుతుంది. కోనసీమలో అంబాజీపేట కేంద్రం నుంచి వచ్చిన గోదావరి గంగ కొబ్బరి కూడా అంతే. తూర్పు తీరపు పొడవు రకం, గంగబొండం పొట్టి రకం కలిసిన సంకరమది, కానీ తోటలో చెట్టుకూ చెట్టుకూ తేడా ఉంటుంది. ప్రతి చెట్టులో సంకర తేజం, తోటంతా వైవిధ్యం ఒకేసారి ఉన్న ఈ తోటలు ఎప్పటి నుంచో విజయవంతంగా ఉన్నాయి.

మన చేలలో ఎక్కడ కుదురుతుంది

మిశ్రమాన్ని ముందుగా పరీక్షించాల్సిన పంట నా అభిప్రాయంలో ఆముదం. గెలలు ఒకేసారి కోతకు రావు. మొదటి గెల, రెండో వరస, మూడో వరస విడతలుగా చేత్తో కోస్తారు. కాబట్టి కాలపరిమితి కాస్త తేడా ఉన్న రకాలు కలిసినా కోతకు చిక్కు రాదు. నూనె మిల్లు గింజ రంగును చూసి ధర కట్టదు. పూత, కాయ దశలో ముసురు పట్టి బూజు తెగులు వస్తే ఆ సమయంలో పూతలో ఉన్న గెలలన్నీ కుళ్లిపోతాయి. పూత కాలాలు ముందూ వెనకలుగా ఉన్న హైబ్రిడ్‌ను, సూటి రకాన్ని కలిపి వేస్తే ఒకే ముసురుకు చేనంతా చిక్కే ప్రమాదం తగ్గుతుంది. ఎండు తెగులును తట్టుకునే వంశాన్ని జోడిస్తే మరింత మేలు.

వేరుశనగలో విత్తనం కలపడం కుదరదు. గుత్తి రకాల గింజకు నిద్రావస్థ లేదు. ముందు పక్వమైన కాయ నేలలోనే మొలకెత్తుతుంది, ఆలస్యంగా పక్వమయ్యేది తాలుగా మిగులుతుంది. పంటంతా ఒకేసారి పీకాలి. కాబట్టి ఇక్కడ వైవిధ్యం పట్టీలుగా, మడులుగా, ఊరు స్థాయిలో రావాలి. 1940 నాటి టీఎంవీ-2 దశాబ్దాల పాటు అనంతపురాన్ని ఏలింది. తర్వాత కదిరి కేంద్రం కే-6 రాయితీ విత్తనంలో ఏళ్ల తరబడి పెద్ద వాటా తీసుకుంది. ఒక ఊళ్లో సగం పొలాల్లో కే-6, మిగతా వాటిలో ఇక్రిశాట్ ఇచ్చిన తక్కువ కాలపు ఐసీజీవీ 91114, కదిరి లేపాక్షి, తిరుపతి ధరణి ఉంటే, పంట మధ్యలో వచ్చే బెట్ట అందరినీ ఒకే దశలో పట్టుకోదు. రైతులు కంది సాళ్లు, చుట్టూ జొన్న వరసలు, లద్దె పురుగుకు ఎరగా ఆముదం వేయడం ద్వారా ఇప్పటికే ఇలాంటి ఆలోచనను పాటిస్తున్నారు. జొన్న కంచె తామర పురుగులను అడ్డుకోవడం కాండం కుళ్లు తగ్గడానికి తోడ్పడింది. సాగులో ఉన్న రకాలన్నీ లొంగే వైరస్‌కు రకాల మిశ్రమం మందు కాదని కూడా ఇది గుర్తుచేస్తుంది.

నువ్వుల్లో పక్వమైన కాయ పగిలి గింజ రాలుతుంది. కాబట్టి కోత కాలం ఒకటే అయిన, వెర్రి తెగులు నిరోధకత వేర్వేరుగా ఉన్న రకాలనే కలపాలి, రంగు కూడా ఒకటే ఉండాలి. తెల్ల నువ్వులో నల్ల గింజ కలిస్తే ఎగుమతి ధర పడిపోతుంది. గిర్నార్-4, గిర్నార్-5 వంటి అధిక ఒలీయిక్ వేరుశనగను మామూలు రకాలతో ఎన్నడూ కలపకూడదు, ఆ నూనె విలువంతా దాని శుద్ధతలోనే ఉంది. పొద్దుతిరుగుడులో నాలుగైదు రోజుల పూత తేడా ఉన్న రెండు హైబ్రిడ్లు, వేర్వేరు తల్లిదండ్రుల నుంచి వచ్చినవి, పక్కపక్క పట్టీల్లో వేసి చూడటం తేలికైన మొదటి అడుగు.

ఎడారి అంచున ఇదే ప్రశ్న

సత్వా ఉన్న దుబాయ్‌లోనే 1999లో అంతర్జాతీయ లవణ వ్యవసాయ కేంద్రం ఏర్పడింది. మంచినీళ్లు కరువైన నేలల్లో ఉప్పునీటితో ఏం పండించవచ్చో వెతకడం దాని పని. ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన వందల కుసుమ నమూనాలను అక్కడ ఉప్పునీటి మడుల్లో పరీక్షించారు. సముద్రపు నీటితోనే పెరిగే సాలికోర్నియా గింజలో 30 శాతం దాకా నూనె ఉంటుంది. 2019 జనవరిలో ఎతిహాద్ విమానం ఒకటి అబూ ధాబీలో పండిన సాలికోర్నియా నూనెతో చేసిన ఇంధనాన్ని కొంత కలిపి ఆమ్‌స్టర్‌డామ్ దాకా ఎగిరింది. అలాంటి నేలలో మడికీ మడికీ ఉప్పు మోతాదు మారుతుంది. అత్యధికంగా పండే ఒక్క రకం కన్నా, ఎక్కడ పెట్టినా నిలిచే రకాలకే అక్కడ విలువ. కృష్ణా, ప్రకాశం తీరపు చవిటి నేలలకూ, అనంతపురం బెట్టకూ ఈ దృష్టి అంతే వర్తిస్తుంది.

కొలత మారాలి, చట్టం మారాలి

మన విత్తన వ్యవస్థ శుద్ధత మీద నిలబడింది. 1966 విత్తన చట్టం కింద ధ్రువీకరణ అంటే ఆ సంచిలో ఆ రకమే ఉందన్న హామీ. కల్తీ విత్తనంతో మోసపోయిన రైతుకు ఆ హామీ ప్రాణాధారం, దాన్ని సడలించకూడదు. అయితే ఏ రకాలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో సంచి మీద ముద్రించిన మిశ్రమానికి చట్టంలో వేరే గది ఉండాలి. ఐరోపా సమాఖ్య సేంద్రియ సాగులో వైవిధ్య విత్తన సమూహాలను 2022 జనవరి నుంచి అనుమతించింది. డెన్మార్క్‌లో బార్లీ మిశ్రమాలు మామూలుగా అమ్ముతారు. దాచి అమ్మితే కల్తీ, చెప్పి అమ్మితే మిశ్రమం. ఈ తేడాను చట్టం గుర్తించాలి.

రెండోది పరిశోధనలో కొలత. అఖిల భారత సమన్వయ ప్రయోగాల్లో ఒక రకం ఎంపిక ప్రధానంగా పలు చోట్ల, పలు ఏళ్ల సగటు మీద ఆధారపడుతుంది. నాలుగేళ్లలో రెండేళ్లు బ్రహ్మాండంగా పండి, ఒక ఏడాది అప్పుల పాలు చేసే రకం సగటులో ముందుంటుంది. వర్షాధారపు రైతును ఆ ఒక్క ఏడాదే ముంచుతుంది. ప్రతి రకానికీ, ప్రతి హైబ్రిడ్‌కూ సగటు పక్కనే అత్యంత గడ్డు చోట్ల, గడ్డు ఏళ్లలో వచ్చిన దిగుబడిని ప్రచురించాలి. ఆ పక్కనే అదే రకాల మిశ్రమాన్నీ ఒక మడిలో వేసి చూడాలి. అదనపు ఖర్చు ఒక మడి మాత్రమే.

మూడోది హైబ్రిడ్ల వెనుక ఉన్న తల్లిదండ్రులు. ఆముదంలో కొద్ది ఆడ వంశాల మీద, పొద్దుతిరుగుడులో ఒకే కణద్రవ్యం మీద ఆధారపడటం ఇక ఆపాలి. కొత్త మూలాలను చేర్చే పని నెమ్మదిగా సాగేది, వెంటనే పేరు రానిది. కంపెనీలకు అందులో లాభం కనిపించదు కాబట్టి ప్రభుత్వ సంస్థలే ఆ బాధ్యత మోయాలి. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలైన పదేళ్లలో దేశపు నూనెగింజల ఉత్పత్తి రెట్టింపు దాటింది. ధర, విత్తనం, పరిశోధన ఒకే దిక్కున నడిచినందువల్ల అది సాధ్యమైంది. అంత పట్టుదలను ఈసారి చేను నిలకడ మీద పెట్టాలి.

సంకర తేజం గొప్ప శాస్త్ర ఫలం. ఆముదం, పొద్దుతిరుగుడు, ఆయిల్‌పామ్ రైతులకు అది ఇచ్చింది తక్కువేమీ కాదు, ఇంకా ఇవ్వాల్సింది చాలా ఉంది. కానీ పాలమూరు చెల్కల్లో, అనంతపురం ఎర్ర నేలల్లో విత్తే రైతు ఒక్క మొక్క మీద పందెం కాయలేడు. అతని అప్పు, అతని బిడ్డల చదువు, గల్ఫ్‌కు వెళ్లాలా ఊళ్లోనే ఉండాలా అన్న నిర్ణయం మొత్తం చేను గడ్డు ఏడాదిలో ఎంత ఇస్తుందన్న దాని మీద ఆధారపడతాయి. విత్తన శాస్త్రం తన విజయాన్ని ఆ గడ్డు ఏడాది తూకంతో లెక్కించుకోవడం మొదలుపెట్టిన రోజున, హైబ్రిడ్‌కూ మిశ్రమానికీ మన చేలలో ఎవరి చోటు వారికి దొరుకుతుంది.